బయాలజీ పిల్లలూ, డేటా కోర్సులకి డబ్బు తగలెయ్యకండి

గుంటూరు లక్ష్మీపురం నుంచి అమెరికాలో బయాలజీ బ్యాచిలర్స్‌కి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "రీసెర్చి, డేటా అనాలిసిస్ నేర్పే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు 2 లక్షలట. నాన్నగారు కడతానంటున్నారు. చేరమంటారా అన్నయ్యా?"

వద్దమ్మా. ఫీజుల కోసం ఇప్పటికే లోను తీసుకుని ఉంటారు, దాని మీద ఇంకో 2 లక్షలు ఎక్కించకు. ఇప్పుడొచ్చే పిల్లలు సర్టిఫికెట్ చూసుకుని మురిసిపోతారు గానీ, ఇక్కడ ప్రొఫెసర్లు అడిగేది నువ్వేం చేసి చూపించావని.

నేనూ గుంటూరు బ్రాడీపేట నుంచే వచ్చాను. మొదటి ఏడాదంతా డాలర్ని రూపాయల్లోకి మార్చుకోవడమే నా పని. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచెయ్యొచ్చనగానే, ఆ గంటలన్నీ కెఫెటేరియాలో గిన్నెలు కడగడానికే పెట్టాను. బోటనీ ప్రొఫెసర్ ఒకాయన ల్యాబ్‌కి రమ్మన్నా, ఊరికే చేయించుకుంటారేమోనని వెళ్లలేదు. డబ్బులిస్తారా అని నోరు తెరిచి అడగనేలేదు. తర్వాత చూస్తే, అదే ల్యాబ్‌లో ఆకులు కొలిచి ఎంట్రీ చేసే నా క్లాస్‌మేట్‌కి గంటకి నాకన్నా ఎక్కువే వస్తోంది. పైగా డిగ్రీ అయ్యేసరికి అతనికి రికమెండేషన్ లెటరుంది, నాకు లేదు.

వేసవి ప్రోగ్రాముల దగ్గరా ఇంతే. అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బులిచ్చే ఆర్‌ఈయూలకి, అంటే డిగ్రీ పిల్లల వేసవి రీసెర్చి ప్రోగ్రాములకి, కూర్చుని వ్యాసాలు రాశాను. అవి అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. నువ్వు ముందు ఆ లైను చూసి, తర్వాత రాయి. బయట ఇంటర్న్‌షిప్ అయితే సీపీటీ అనే పని అనుమతి కావాలి, ఆ రూల్స్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చెప్తారు.

ఇక నేర్చుకోవడానికి పైసా అక్కర్లేదు. డేటా లెక్కలకీ, గ్రాఫులకీ వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఉచితం. రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో మొదలుపెట్టారు. అందులో ఐరిస్ అని కొడితే 150 ఐరిస్ పూల కొలతలు వస్తాయి, మూడు జాతులు, జాతికి 50. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936లో వాడిన డేటా అది. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు చిన్నప్పుడు మన నూజివీడు, నందిగామల్లో చదువుకున్నవారే. పూరేకుల పొడవుకి గ్రాఫ్ గియ్యి. సెటోసా అనే జాతి విడిగా నిలబడుతుంది, మిగతా రెండూ కొంత కలిసిపోతాయి. ఎందుకు కలిశాయో నాలుగు వాక్యాల్లో రాయడం వస్తే అనాలిసిస్ మొదలైనట్టే.

తర్వాత మన మిరప పట్టుకో. 2014లో మిరప జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ వరస, ప్రచురించారు. ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ ఉచిత డేటా సైట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. కారానికి కీలకమైన పన్1 జీన్‌ని, అక్కడే ఉన్న బ్లాస్ట్ అనే వరసలు పోల్చే టూల్‌లో టమాటాతో పోల్చి చూడు.

డేటా శుభ్రం చెయ్యడం మాత్రం ఎవరూ సరిగ్గా నేర్పరు. మిర్చి యార్డులో తాలుకాయలు ఏరినంత ఓపిక కావాలి. జీన్ల పేర్ల ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే సెప్ట్2 అనే జీన్ పేరు కాస్తా 2-సెప్ అని తేదీగా మారి కూర్చునేది. ఈ గొడవ పడలేకే మనిషి జీన్లకి పేర్లు పెట్టే కమిటీ 2020 నాటికి దాన్ని సెప్టిన్2గా మార్చింది. పాత ఫైళ్లలో ఇంకా అలాగే ఉంటుంది. అందుకే అసలు ఫైలు ముట్టుకోకు, కాపీ మీదే పనిచెయ్యి. నేనిదంతా ఏ కోర్సూ కొనకుండానే నేర్చుకున్నాను. ఇవాళ మా ల్యాబ్‌కి ఏ సీక్వెన్సింగ్ డేటా వచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది.

నువ్వు గీసిన గ్రాఫ్ ఒకటి జతచేసి, మీ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్‌కి చిన్న మెయిల్ పెట్టు. రమ్మంటే, జీతమా, లేక డిగ్రీ లెక్కలోకొచ్చే క్రెడిట్లా అని మొహమాటం లేకుండా అడుగు. క్రెడిట్లయితే ఆ సెమిస్టర్ ఫీజు పెరుగుతుందో లేదో కూడా కనుక్కో. సెలవుల్లో క్యాంపస్‌లో ఫుల్‌టైమ్ చెయ్యొచ్చు కాబట్టి వేసవి అద్దె అక్కడే సంపాదించుకోవచ్చు. కాకపోతే ఫిబ్రవరిలోపే అడగాలి, మే దాకా ఆగితే ల్యాబ్ దగ్గరున్న డబ్బులు ఇంకెవరికో రాసేసి ఉంటారు.