గేటుకు అటూ ఇటూ

రక్షణ పరికరాలు తయారుచేసే సంస్థలో సిబ్బంది సంక్షేమం చూసిన మనిషిని కనుక, ఆ రంగం నుంచి వచ్చిన మూడు ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాను.

*ప్రశ్న: క్షిపణుల విడిభాగాలు, వాటి ఇంధనం తయారుచేసే ఒక సంస్థలో ఇంజనీరుగా అవకాశం వచ్చింది. వాళ్ళ వార్షిక నివేదిక నిండా రక్తదాన శిబిరాలు, మొక్కలు నాటుతున్న ఫొటోలు, యోగా తరగతులు, నవకల్పన వారోత్సవాలు. వీటిని ఎంతవరకు నమ్మాలి? లోపలి సంగతి చేరకముందే తెలుసుకునే దారి ఉందా? – ఒక యువ ఇంజనీరు*

జవాబు: అనుమానపడకండి, ఆరా తీయండి. రక్తదానం మంచి పని. అయితే అది బిస్కెట్లు చేసే సంస్థ కూడా చేయగలదు. పేలుడు పదార్థాలతో పనిచేసే సంస్థ ఊరికి చేయవలసిన మొదటి సేవ వేరే ఉంది. తన వల్ల పొరుగువారికి ముప్పు రాకుండా చూసుకోవాలి. 1917 జనవరి 19న లండన్‌లోని సిల్వర్‌టౌన్‌లో ఇళ్ళ మధ్య నడుస్తున్న కర్మాగారంలో మంటలు రేగి, దాదాపు 50 టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం పేలింది. 73 మంది ప్రాణాలు పోయాయి, వేలకొద్దీ ఇళ్ళు దెబ్బతిన్నాయి. అంతమంది నివసించే చోట ఆ పని వద్దని యజమానులే ముందుగా అభ్యంతరం చెప్పారు. యుద్ధకాలపు ఒత్తిడిలో ఆ మాట ఎవరికీ పట్టలేదు.

అందుకే ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు ఈ ప్రశ్న వేయండి: సైరన్ మోగితే ఏం చేయాలో గేటు బయట ఉన్నవాళ్ళకు తెలుసా? దగ్గరి బడిలో పిల్లలచేత చివరిసారి ఎప్పుడు సాధన చేయించారు? తేదీతో సహా జవాబు వస్తే ఆ మొక్కల ఫొటోలను నేను సంతోషంగా నమ్ముతాను. పోయిన ఏడు సాయం చేసిన బడికే ఈ ఏడూ వెళ్ళారా అన్నది కూడా అడగండి. ఏటా కొత్త బడి, కొత్త ఫొటో అయితే ఏ బడికీ పెద్దగా ఒరిగేది ఉండదు.

ఇక సిబ్బంది క్షేమం. యోగా తరగతి కంటే షిఫ్టుల పట్టిక నాకు ఎక్కువ సంగతులు చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కార్మికుల ఆరోగ్యంపై 1915లో ఒక కమిటీ వేసింది. అది సేకరించిన లెక్కలను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్ళీ పరిశీలించి 2014లో తన అధ్యయనం ప్రచురించారు. వారానికి 70 గంటలు పనిచేసినప్పటి ఉత్పత్తికీ 56 గంటలప్పటి ఉత్పత్తికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అలసిన చేతులతో గడిపిన ఆ 14 గంటలూ ఇంటికీ దక్కలేదు, దేశానికీ దక్కలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

మంచి ఉదాహరణా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ నౌకా నిర్మాణ కేంద్రాల గేట్ల దగ్గరే 1943లో శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచారు. రాత్రి షిఫ్టు తల్లుల కోసం అవి రాత్రిపూటా నడిచేవి. పని ముగించుకున్న తల్లి బిడ్డతో పాటు వండిన భోజనం కూడా ఇంటికి తీసుకువెళ్ళవచ్చు. అక్కడ ఎవరో కూర్చుని ఆ తల్లి ఇల్లు చేరాక ఏం చేయాల్సి వస్తుందో ఆలోచించారు! సంక్షేమం అంటే నాకు అదే. కైజర్ కార్మికుల కోసం వైద్యుడు సిడ్నీ గార్‌ఫీల్డ్ నడిపిన ఆరోగ్య పథకం 1945లో బయటి ప్రజలకూ అందుబాటులోకి వచ్చింది. లోపలి వాళ్ళకు మనసుపెట్టి చేసిన పని తర్వాత ఊరికీ అందింది. మీకు అవకాశం ఇచ్చిన సంస్థలో రాత్రి షిఫ్టు వాళ్ళకు వేడి భోజనం, ఇంటికి వాహనం ఉన్నాయేమో కనుక్కోండి.

నవకల్పన సంగతి మూడో జవాబులో చెబుతాను.

*ప్రశ్న: మా వారు రక్షణ సాంకేతిక సంస్థలో పనిచేస్తారు. ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పకూడదు, అది నాకు తెలుసు. ఈ మధ్య అసలు ఏ విషయమూ చెప్పడం లేదు. సరిగా నిద్రపోరు. సంస్థలో కౌన్సెలర్ ఉన్నారు కానీ, వెళితే ఉద్యోగానికే ముప్పని భయం. – ఒక పాఠకురాలు*

జవాబు: అమ్మా, దాచవలసింది పని వివరాలనే, అలసటను కాదు. ఆ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ప్రాజెక్టు గురించి అడగకుండా మనసు ఎలా ఉందో మాత్రమే అడగండి.

ఆ భయాన్ని నేను చాలామందిలో చూశాను. అమెరికాలో రహస్య పనులకు అనుమతి కోరేవారు నింపే ప్రభుత్వ ఫారంలోనే, మానసిక చికిత్స లేదా కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన అనుమతి పోదని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆయన సంస్థలో నియమం ఏమిటో, కౌన్సెలర్‌తో చెప్పింది ఎవరికి, ఏ పరిస్థితిలో తెలుస్తుందో రాతపూర్వకంగా అడగమనండి. అడిగే హక్కు ఆయనకు ఉంది. నేను పనిచేసిన చోట కౌన్సెలర్ గది పై అధికారుల గదుల వరుసలో ఉన్నంతకాలం ఎవరూ ఆ తలుపు తట్టలేదు. క్యాంటీన్ వెనక్కు మార్చాక రావడం మొదలుపెట్టారు. నిద్రలేమి వారాల తరబడి సాగుతుంటే మాత్రం ఇవేవీ తేలేదాకా ఆగకండి, బయటి వైద్యుడికి చూపించండి. వైద్యుడికి కావలసింది నిద్ర సంగతి, దానికి ప్రాజెక్టు పేరు చెప్పనక్కరలేదు.

*ప్రశ్న: నేను ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తాను. ఒక పెట్టె మూత బిగించే పద్ధతి మార్చమని సలహాల పెట్టెలో కాగితం వేశాను. జవాబు లేదు. చదువు తక్కువ కాబట్టి పట్టించుకోలేదనిపిస్తోంది. – ఒక కార్మికుడు*

జవాబు: మీ ఉత్తరం చదవగానే వెస్టా స్టౌట్ గుర్తుకువచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఒక ఆయుధ కర్మాగారంలో తూటాల పెట్టెలు తనిఖీ చేసి ప్యాక్ చేసేవారు. కొడుకులిద్దరూ నౌకాదళంలో ఉన్నారు. పెట్టెకు అంటించిన కాగితపు టేపు కొస లాగితే చిరిగిపోయేది, మూత ఊడి వచ్చేది కాదు. కాల్పుల మధ్య సైనికుడు ఆ పెట్టెతో కుస్తీ పడుతుంటే ఏమవుతుందో ఆ తల్లికి వేరే చెప్పాలా? నీటికి తడవని గుడ్డ టేపు వాడమన్నారు. పై వాళ్ళు బాగుందన్నారు కానీ పని ముందుకు సాగలేదు. 1943 ఫిబ్రవరి 10న బొమ్మలు గీసి మరీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశారు. యుద్ధ ఉత్పత్తి మండలి దాన్ని ఆమోదించింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న డక్ట్ టేపు అలా వచ్చింది.

నవకల్పన వారోత్సవం ఎంత ఘనంగా జరిగిందని కాకుండా, ప్యాకింగ్ బల్ల దగ్గరి మనిషికి ఎన్ని రోజుల్లో జవాబు వచ్చిందో చూసి సంస్థను అంచనా వేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సలహా పనికిరాదన్నా సరే, ఎందుకు పనికిరాదో ఆయనకు చెప్పాలి.

మీరు మళ్ళీ రాయండి. ఇప్పటి పద్ధతిలో ఎక్కడ ఇబ్బంది, ఎన్ని పెట్టెల్లో చూశారు, మీ మార్పు ఏమిటి – బొమ్మతో, తేదీతో ఒక పేజీలో పెట్టండి. సూపర్‌వైజరుకు ఒకటి, నాణ్యత విభాగానికి ఒకటి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. స్టౌట్ లాగా బయటికి మాత్రం పంపకండి. మీ సంస్థ గోప్యతా నియమాలు అందుకు ఒప్పుకోవు. నెలలోగా జవాబు రాకపోతే భద్రతా కమిటీలోని కార్మిక ప్రతినిధిని వెంటబెట్టుకుని వెళ్ళండి.