కెన్యాలో పిట్టలు చూడబోతున్న సుధకి

సుధా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టూర్ ప్లాన్ చూశాను. ఏడు రోజుల్లో అంబోసెలి, సంబురు, నకురు, నైవాషా, మసాయ్ మారా! ఇది సెలవు కాదు తల్లీ, లారీ డ్రైవర్ డ్యూటీ. నైరోబీకి అంబోసెలి దక్షిణాన, సంబురు ఉత్తరాన, మారా పడమరన. సగం సెలవు రోడ్డు మీదే అయిపోతుంది. సింహాన్ని చూసి వచ్చేయాలంటే పరుగులు పెట్టొచ్చేమో గానీ, పిట్టలు కావాలంటే ఒకచోట కుదురుగా ఉండాలి. నన్నడిగితే నైవాషాలో రెండు రాత్రులు, మారాలో మూడు రాత్రులు చాలు. నకురుకి నైవాషా నుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అంబోసెలి, సంబురు ఇంకోసారి చూసుకోవచ్చు.

దసరా సెలవుల్లో పెట్టుకోవడం మాత్రం బాగుంది. ఏప్రిల్, మేలో అయితే వద్దనేదాన్ని. అప్పుడు అక్కడ పెద్ద వానలు, మారాలో చాలాచోట్ల నేల నల్లరేగడి. బండి దిగబడితే ఆ పూటంతా అక్కడే. అక్టోబర్‌లో యూరప్ నుంచి వలస పిట్టలు రావడం మొదలవుతుంది.

పిల్లలకి ఒక విషయం ముందే చెప్పి పెట్టు. నకురు సరస్సు ఒడ్డంతా గులాబీరంగు ఫ్లెమింగోలతో నిండిపోయిన ఫొటోలు వాళ్లు యూట్యూబ్‌లో చూసే ఉంటారు. అవి చాలావరకు పాతవి. 2010 తర్వాత ఆ సరస్సులో నీళ్లు బాగా పెరిగాయి. చిన్న ఫ్లెమింగోలు తినే నాచు చవుడు నీళ్లలోనే దట్టంగా పెరుగుతుంది. నీళ్లు పల్చబడేసరికి తిండి తగ్గి, చాలా పక్షులు బొగోరియా లాంటి వేరే సరస్సులకి వెళ్లిపోయాయి. కొన్ని కనపడితే అదృష్టం. కనపడకపోయినా పెలికాన్లు, ఖడ్గమృగాలు ఉంటాయి కాబట్టి ఆ రోజేం వృథా పోదు.

నైవాషా నాకు మరీ ఇష్టం. మంచినీటి సరస్సు. పొద్దున్నే బోటెక్కితే ఒడ్డున చెట్ల మీద తెల్ల తలల ఫిష్ ఈగిల్స్ కూర్చుని ఉంటాయి. తల వెనక్కి విరిచి అరుస్తాయి, ఆ అరుపు నీళ్ల మీద చాలా దూరం వినిపిస్తుంది. బోటువాడు చేప చూపించి, ఈల వేసి, గద్దని పిలుస్తానంటాడు. ఫొటో బాగానే వస్తుంది గానీ ఆ పద్ధతి నాకు నచ్చదు. అరగంట ఓపిక పడితే అది తన చేప తనే పట్టుకుంటుంది. నీటి ఏనుగుల దగ్గరికి పోనిమ్మని మాత్రం ఎవరూ సరదాకి కూడా అడగొద్దు. అదే సరస్సులో క్రెసెంట్ ఐలాండ్ ఉంది, అక్కడ సింహాలుండవు, జిరాఫీల మధ్య నడిచి తిరగొచ్చు. బండిలో కూర్చుని కూర్చుని విసిగిన పిల్లలకి అది ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది.

మారాలో డ్రైవర్‌తో మొదటి రోజే తేల్చి చెప్పండి, మేం పిట్టల కోసం వచ్చామని. లేకపోతే రేడియోలో చిరుత అని వినపడగానే బండి తిప్పేస్తాడు. వాళ్ల తప్పు కాదు, వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు. బుక్ చేసేటప్పుడే పిట్టలు తెలిసిన గైడ్ కావాలని అడుగు. బండి మీ నలుగురికే ఉండాలి. వేరేవాళ్లతో కలిస్తే ఓ పిచ్చుక కోసం పావుగంట ఆపమని అడగడానికి మొహమాటం.

విజయదశమి నాడు అక్కడుంటే మీరు పాలపిట్టని చూడలేదని మీ అత్తగారు బెంగపడక్కర్లేదు. దాని దగ్గర చుట్టమే, లైలాక్ బ్రెస్టెడ్ రోలర్, మారా అంతటా ఉంటుంది. ఊదారంగు రొమ్ము, రెక్క విప్పితే మన పాలపిట్టలో ఉన్న నీలమే. ఎండుకొమ్మ చివర కూర్చుంటుంది, కిందున్న పురుగు మీదికి దూకుతుంది, చాలాసార్లు మళ్లీ అదే కొమ్మకి వస్తుంది. కాబట్టి ఎగిరిపోయిందని బండి కదిలించొద్దు. ఇంజన్ ఆపించి, షటర్ స్పీడ్ 1/2500 దగ్గర పెట్టి, అది చూస్తున్న వైపు ఫ్రేములో కాస్త ఖాళీ వదిలి కాచుకోమను మీ ఆయన్ని. ఇంజన్ ఆడుతుంటే ఎంత ఖరీదైన లెన్సైనా అదురుతుంది.

ఇంకోటి, బండి టాప్ లేపి నిలబడి తీయడం అందరికీ సరదా. కానీ నేల మీద నడిచే కోరీ బస్టర్డ్‌ని పైనుంచి తీస్తే పిట్ట గడ్డిలో కలిసిపోతుంది. కిటికీలోంచి, దాని కంటి ఎత్తుకి వీలైనంత దగ్గరగా తీయాలి. అది మన రోళ్లపాడు బట్టమేక పిట్ట జాతిదే. మగదైతే 18 కిలోల దాకా తూగుతుంది, అంత బరువుతోనూ ఎగురుతుంది. కిటికీ మీద లెన్స్ ఆనించడానికి ఖాళీ గుడ్డసంచి పట్టుకెళ్లి, నైరోబీలో రెండు కిలోల రాజ్మా కొని నింపండి. వచ్చేటప్పుడు ఆ రాజ్మా డ్రైవర్‌కి ఇచ్చేయొచ్చు.

వలస వచ్చిన వైల్డ్‌బీస్ట్ (గడ్డి మేసే పెద్ద జంతువులు) మందలు మారా నుంచి ఇంకా వెళ్లిపోకపోతే రాబందులు కూడా దొరుకుతాయి. మన దగ్గర అవి కనపడటమే గగనం కదా. కళేబరం దగ్గర కాసేపు ఆగి చూడండి. లాపెట్ ఫేస్డ్ అనే పెద్ద రాబందు ముక్కుతో మందపు తోలు చీలుస్తుంది, మిగతావి మెడ లోపలికి దూర్చి తింటాయి. చిన్నోడికి తెగ నచ్చుతుంది. పాపకి నచ్చకపోవచ్చు, బలవంతపెట్టకు. బండి మాత్రం వాసన మీ వైపు రాకుండా ఆపించు.

కెమెరా విషయంలో మీ ఆయనకున్న 150-600 లెన్స్ చాలు, కొత్తది కొననివ్వకు. ఆ డబ్బుతో అందరికీ తలో బైనాక్యులర్ కొను, 8 రెట్లు పెద్దగా చూపించేవి. బైనాక్యులర్ పంచుకోవాలంటే పిల్లలు కొట్టుకుంటారు, ఈలోగా పిట్ట పోతుంది. చిన్నోడికి పాత డిజిటల్ కెమెరా ఇవ్వు, పాపకి లిస్టు రాసే పని అప్పజెప్పు. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో ఆ ప్రాంతం పిట్టల ప్యాక్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకో. పదకొండు నుంచి మూడున్నర దాకా ఎవరూ బయటికి పోవద్దు. ఎండకి గాలి అలల్లా కదులుతుంటుంది, ఏ ఫొటో తీసినా మసకే. లాడ్జి తోటలోనే గిజిగాళ్ల గూళ్లు, నీలంగా మెరిసే సూపర్బ్ స్టార్లింగ్‌లు ఉంటాయి. అవి భోజనాల బల్ల దాకా వస్తాయి. కోతులూ వస్తాయి, ప్లేటు జాగ్రత్త.

ఎల్లో ఫీవర్ టీకా నలుగురికీ ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించాలి. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే క్వారంటైన్ అంటారు. దాన్ని పాస్‌పోర్ట్‌లోనే పెట్టు. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని అడుగు. స్వెటర్లు మర్చిపోకు, ఆఫ్రికా అనగానే ఎండే అనుకుంటాం గానీ మారాలో తెల్లవారుజామున వణుకు పుడుతుంది. కారప్పూస, చేగోడీలు డబ్బాల్లో సర్దు, అక్కడ 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ కవర్లు నిషేధం.

ప్లాన్ మార్చి పంపు. నేను చూసేదాకా అడ్వాన్స్ కట్టకు.

మీ పెద్దమ్మ