డబుల్ బేస్‌తో వేదిక ఎక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి పెద్ద మామయ్య ఆశీస్సులు.

నువ్వు బెంగళూరులో డబుల్ బేస్, అదే వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండే ఆ పెద్ద వాయిద్యం, కొన్నావనీ, వచ్చే నెల నుంచి మరో ఇద్దరితో కలిసి శుక్రవారం రాత్రుళ్ళు జాజ్ వాయించబోతున్నావనీ మీ అమ్మ ఆదివారం ఫోనులో చెప్పింది. చెప్పింది అనడం కంటే ఫిర్యాదు చేసింది అనడం సబబు. "అంతా నీ పోలికే" అన్నది చివరికి. తిట్టుగానే అన్నదని తెలిసినా, ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా దిగులు నీ వాయింపు గురించి కాదు, ఆ వాయిద్యానికి నువ్వు తగిలించబోయే వైర్ల గురించి.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. నువ్వు బేస్ గిటార్ బాగా వాయిస్తావు కనుక లయ గురించి నేను చెప్పవలసింది లేదు. అయితే గిటార్ వేళ్ళను ఇక్కడికి తీసుకురావద్దు. గిటార్‌పై మోగే తీగ పొడవు సాధారణంగా 86 సెంటీమీటర్లు ఉంటే, దీనిపై 105 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వేలికొక అరస్వరం చొప్పున పంచుకుంటే మెడ పైభాగంలో నీ చెయ్యి చీలిపోయినంత పని అవుతుంది. చూపుడువేలికీ చిటికెనవేలికీ నడుమ ఒక్క పూర్తి స్వరాన్ని మాత్రమే ఉంచి, ఉంగరపు వేలిని చిటికెనవేలికి తోడుగా నొక్కించే సిమాండ్ల్ పద్ధతినే మొదటి ఏడాదంతా పాటించు. ప్లైవుడ్ బేస్ కొన్నానని చిన్నబుచ్చుకోవద్దు. ఏసీ గాలికీ ఎండకూ అతుకులు విడిపోని వాయిద్యం, పైగా లౌడ్‌స్పీకర్ల ధ్వని తిరిగి తగిలినప్పుడు కూత తక్కువ పెట్టే వాయిద్యం, ఊళ్ళు తిరిగేవారికి వరమే. లోపల పై పలకకూ వీపుకూ నడుమ నిలబడే సౌండ్‌పోస్ట్ అనే కర్రముక్కను జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది కనుక నాలుగు తీగలనూ ఎన్నడూ ఒకేసారి వదులు చేయవద్దు. కారులో పడుకోబెట్టినప్పుడు తీగలను మోసే చెక్కముక్క, అంటే బ్రిడ్జిపై ఏ బరువూ పడకూడదు. ఇవన్నీ నీ గురువు ఎలాగూ చెబుతాడు. ఆయన చెప్పడేమో అని నేను భయపడేది వేరే ఉంది.

నేను 1974లో గుంటూరు నుంచి వయొలిన్ పట్టుకుని మద్రాసు వెళ్ళాను. అక్కడ వయొలిన్లు వాయించేవారు వరుసలు వరుసలుగా ఉండేవారు కానీ డబుల్ బేస్ వాయించేవారు వేళ్ళమీద లెక్కించదగినంత మందే ఉండేవారు. గోవా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పొడుగు చేతులు చూసి ఆ కుర్చీ వైపు నడిపించాడు. ఆ తరువాత పదిహేనేళ్ళు కోడంబాకం, వడపళని స్టూడియోలలో ఉదయం 7 గంటల కాల్‌షీట్లకు వెళ్ళాను. ఒక సంగతి గమనించు. అన్నేళ్ళలో నా వాయిద్యానికి ఒక్క వైరైనా నేను తగిలించి ఎరుగను. మైకు ఎక్కడ పెట్టాలో, ఎంత ఎత్తున ఉంచాలో, నా ధ్వని ఎంత వినిపించాలో అద్దం వెనక కూర్చున్న రికార్డిస్టు చూసుకునేవాడు. నేను వాయించేవాణ్ణి, ఆయన వినిపించేవాడు. పాట బాగుందన్నప్పుడు ఆ పొగడ్తలో ఆయన వాటా ఎంతో నేను ఎన్నడూ లెక్క వేయలేదు.

ఎనభయ్యవ దశకం చివరికి వచ్చేసరికి కీబోర్డుపై ఎడమచేతి రెండు వేళ్ళతో బేస్ వాయించేసే కాలం వచ్చింది. కాల్‌షీట్లు తగ్గిపోయాయి. ఇల్లు గడవడానికి నేనొక సినిమా పాటల ఆర్కెస్ట్రాలో చేరాను. దాని నాయకుడు మంచివాడు. "అన్నయ్యా, బేస్ గిటార్ తెచ్చుకో, వ్యానులో చోటు కలిసివస్తుంది" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ఈ మహా వాయిద్యాన్ని వదిలి ఆ పలకముక్క పట్టుకుంటానా అనుకున్నాను. డబుల్ బేస్‌నే తెస్తాననీ, అందరికీ వినిపించేలా చేస్తాననీ పంతం పట్టి, రిచీ వీధిలో ఒక రేడియో మెకానిక్ చేత పాత గ్రామఫోను స్ఫటికం ఒకటి విప్పించి, దాన్ని మైనంతో బ్రిడ్జికి అతికించి, దాని చివర నలభై అడుగుల వైరు కట్టించుకున్నాను. గదిలో చిన్న రేడియోకు తగిలించి చూస్తే ఏదో మోగింది. అది చాలనుకున్నాను.

1989 దసరాకు తెనాలిలో ఒక పందిట్లో కచేరీ. సాయంత్రం ఆ వైరు తీసుకువెళ్ళి మైకు సెట్టు కుర్రాడి చేతికిచ్చాను. పద్ధెనిమిదేళ్ళుంటాయి. "ఇదేమిటండీ" అని అడిగాడు. "నువ్వు తగిలించు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. అతను మైకు పెట్టుకునే రంధ్రంలోనే దాన్ని తగిలించాడు, అతని దగ్గర ఉన్నవి అవే. మొదటి పాటలోనే నా బేస్ అట్టముక్కను గోటితో గీరినట్టు వినిపించింది. కింది స్వరాలు లేనే లేవు. పెంచమని సైగ చేశాను, పెంచాడు. కింది స్వరాలను పెంచే బేస్ మీటను పూర్తిగా తిప్పమన్నాను, తిప్పాడు. "కూత పెడుతుందేమోనండీ" అని పాటల మధ్య వేదిక దగ్గరికి వచ్చి చెప్పాడు. నేను కళ్ళెర్రజేశాను.

నాలుగో పాట నెమ్మదిగా సాగే విషాద గీతం. పల్లవి అయ్యాక రెండు ఆవర్తాల పాటు నాకు విరామం. తీగల మీద నుంచి చెయ్యి తీశానో లేదో, బేస్ తనంతట తానే మూలగడం మొదలుపెట్టింది. లౌడ్‌స్పీకర్ల ధ్వని దాని పలకను కదిలించడం, ఆ కదలికను స్ఫటికం మళ్ళీ లౌడ్‌స్పీకర్లకే అందించడం, ఆ చక్రం ఒక్క క్షణంలో ఎద్దు రంకెగా మారింది. గాయని శ్రుతి తప్పి ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ కలం ఆగుతోంది. గాయని ముందున్న మైకు అందుకుని, అంతమంది ఎదుట, "చెవులున్నవాణ్ణి ఎవరినైనా అక్కడ కూర్చోబెట్టండి" అన్నాను. మైకు సెట్టు యజమాని పరుగున వచ్చి ఆ కుర్రాణ్ణి రెక్క పట్టుకుని లేపాడు. ఆ రాత్రి కూలి ఇవ్వలేదని తరువాత తెలిసింది.

తెల్లవారి మేము వ్యానులో సామాను సర్దుకుంటుంటే అతను పందిరి గుంజలకు కట్టిన వైర్లు విప్పి చుట్టుకుంటున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "రాత్రి నా వల్ల పాట పాడైపోయింది, ఏమీ అనుకోవద్దండీ" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "ఇకముందైనా జాగ్రత్తగా ఉండు" అన్నాను.

తప్పు ఎవరిదో రెండేళ్ళ తరువాత గానీ నాకు తెలియలేదు. స్టూడియోలో ఒక రికార్డిస్టుకు నవ్వుకోవడానికి ఈ కథ చెబితే, ఆయన నవ్వకుండా కాగితం తీసి బొమ్మ గీశాడు. స్ఫటికం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైన మార్గంలో బయటికి వస్తుంది. దాన్ని తక్కువ ఇంపీడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే విద్యుత్ అడ్డు) ఉన్న మైకు రంధ్రంలో తగిలిస్తే ముందుగా హరించుకుపోయేవి కింది స్వరాలే. అంటే నా బేస్‌లోని బేస్‌ను నా వైరే మింగేసింది. లేనిదాన్ని పెంచమని నేను ఆ కుర్రాణ్ణి శాసించాను. అతను పెంచగలిగింది మిగిలిన గీరుడునూ, కూతనూ మాత్రమే.

అందుకే ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పనిగా చెబుతున్నాను. నీ బేస్‌కు అమర్చిన పికప్, అంటే కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ముక్క, కూడా ఆ స్ఫటికం జాతిదే. అది బ్రిడ్జి కాలి కింద ఉన్నా, రెక్క సందులో ఉన్నా, ఎత్తు సవరించే చక్రంలో ఉన్నా ధర్మం ఒక్కటే. దాని నుంచి వచ్చే వైరు పొట్టిగా ఉండాలి, అది నేరుగా నీ సొంత ప్రీయాంప్‌లోకి, అంటే సంకేతాన్ని ముందుగా బలపరిచే చిన్న పెట్టెలోకి, వెళ్ళాలి. ఆ ప్రీయాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలి, 10 మెగోమ్‌లు ఉంటే మరీ మంచిది. అక్కడి నుంచి డీఐ (సంకేతాన్ని మైకు లైనుకు తగినట్టు మార్చే పెట్టె) ద్వారా ఎంత పొడుగు వైరైనా వెళ్ళవచ్చు. కొత్త తీగల కంటే, కొత్త కమాను కంటే ముందు నీ డబ్బు దీనికి ఖర్చు పెట్టు. ఎదుటివారి దగ్గర ఏమి ఉన్నా లేకపోయినా నీ ధ్వని నీ చేతిలో నుంచి సరిగా బయలుదేరాలి.

కూత సంగతి తెలుసుకో. ప్రతి బేస్‌కూ తనంతట తాను మోగడానికి తహతహలాడే స్వరాలు ఒకటి రెండు ఉంటాయి. అవేవో ఇంట్లోనే కనిపెట్టి, ప్రీయాంప్‌లోని నాచ్ మీటతో సరిగ్గా ఆ చోటును మాత్రమే తగ్గించు. ఫేజ్ అని రాసి ఉన్న మీటను రెండు వైపులా నొక్కి, ఏ వైపు ప్రశాంతంగా ఉంటే అక్కడ వదిలేయి. యాంప్లిఫయర్‌ను నీ వెనుక వాయిద్యం వీపుకేసి పెట్టవద్దు. ఒక పక్కగా, కుర్చీ ఎత్తులో ఉంచు. వేదిక బోలు చెక్కలతో కట్టినదైతే అది మృదంగంలా మోగుతుంది కనుక బేస్‌ను నేలకు ఆనించే ముల్లు కింద మందపాటి స్పాంజి ముక్క వేయి. ఎఫ్ ఆకారపు రంధ్రాలలో స్పాంజి కుక్కడం చూడడానికి బాగుండదు కానీ డ్రమ్ముల పక్కన పనికివస్తుంది. అన్నిటికంటే కింది స్వరమిచ్చే నీ 'E' తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంతకు కింద ఉన్నదంతా అడుగుల చప్పుడూ గాలి దుమారమూ మాత్రమే. దాన్ని హైపాస్ ఫిల్టర్‌తో కోసేయి. హాలు మరీ గొట్టంలా ఉంటే 60 హెర్ట్జ్ దాకా కోసినా భయపడవద్దు. ఆ స్వరంతో కలిసి పైన మోగే హార్మోనిక్‌లను విని కింది స్వరాన్ని చెవి తానే కట్టుకుంటుంది.

మరో మాట. మన దేశంలో కరెంటు గుంయిమనే శబ్దం 50 హెర్ట్జ్, నీ కింది జీ స్వరం 49. రెండూ కలిసిపోతాయి. జీ వాయించేటప్పుడు ధ్వని అలలు అలలుగా ఊగుతుంటే వేలిని అనుమానించే ముందు చెయ్యి తీసి, ఆ గుంయి శబ్దం ఉందేమో విను. ఉంటే మాత్రం, మా కాలంలో అందరూ చేసినట్టు, ప్లగ్గులోని మూడో పిన్నును పీకడం గానీ ఎర్తు తీగను విప్పడం గానీ చేయవద్దు, ఎవరు చేస్తానన్నా చేయనివ్వవద్దు. నువ్వు ఉక్కు తీగలపై చెయ్యి వేసి, పెదవి మైకుకు ఆనించి నిలబడతావు. డీఐ పెట్టెపై గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న మీట ఉంటుంది, ఆ పనికి అది చాలు. జనరేటరుపై నడిచే చోట ఎర్తు ఉన్నదో లేదో టెస్టరుతో చూపించమని అడుగు. అడిగితే చులకన అవుతావేమో అనుకోవద్దు. నీ చిన్నప్పుడు తడి చేతులతో స్విచ్చు వేశావని నిన్ను కొట్టినది నేనే. ఆ దెబ్బకు ఇప్పటికీ బాధ పడుతున్నాను, కానీ అవసరమైతే మళ్ళీ కొడతాను.

అమెరికాలో 1946 ప్రాంతంలో ఎవరెట్ హల్ అనే బేస్ కళాకారుడు వాయిద్యం కింది ముల్లుకు మైకు అమర్చి, దానికి ఆంపెగ్ అని పేరు పెట్టాడు. ఆ పేరే కంపెనీ అయింది. 1951లో లియో ఫెండర్ బేస్ గిటార్ తెచ్చాక, వినిపించడం కోసం చాలామంది దానివైపు వెళ్ళిపోయారు. నువ్వు ఎదురు దారిలో వస్తున్నావు. ఎందుకు వస్తున్నావని నేను అడగను, ఆ పెట్టెను ఒళ్ళో ఆనించుకున్నప్పుడు పక్కటెముకలలో కలిగే కంపనం నాకు తెలుసు. ఆ కంపనం హాలు చివర కూర్చున్నవారికి చేరదని మాత్రం ఒప్పుకో. వారికి చేరేది మైకు సెట్టు బల్ల ముందు కూర్చున్న మనిషి చేతుల మీదుగానే. గంట ముందు వెళ్ళు. నీ పికప్ ఏదో, ఏ స్వరం దగ్గర కూత పెడుతుందో అతనికి చెప్పు. అతను ఏదైనా అడిగితే "నువ్వు తగిలించు" అనవద్దు.

రాత్రి తిరుగు ప్రయాణానికి మీ ముగ్గురూ ఒకే బండిలో రండి. బేస్ ఉన్నందుకు పెద్ద బండి కావాలి, దాని డబ్బు నీ పారితోషికంలో సగం తినేస్తుందని మీ అమ్మకు చెప్పవద్దు. ఉద్యోగం మానే ఆలోచన ఉంటే ముందు నాతో మాట్లాడు.

కొరియరులో ఒక పొట్లం పంపాను. అందులో సౌండ్‌పోస్ట్ సవరించే కొక్కెం ఉంది, దాన్ని నువ్వు వాడవద్దు, తెలిసినవారి చేత వాడించు. కమానుకు రాసే, సగం అరిగిన రోజిన్ బిళ్ళ ఉంది, ఇంకా బాగానే పట్టుకుంటుంది. అడుగున గుడ్డలో చుట్టినది ఆ గ్రామఫోను స్ఫటికం, మైనం ఇంకా అంటుకునే ఉంది. దాన్ని దేనికీ తగిలించవద్దు.

ఆశీస్సులతో,
నీ పెద్ద మామయ్య