చిన్న కేస్‌లో కేబుళ్లు పట్టడం లేదు, ప్యానెల్ నొక్కి బిగించేయొచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారండి. చిన్న మదర్‌బోర్డు పట్టే మినీ ఐటీఎక్స్ కేస్‌లో కేబుళ్లు ఉబ్బి సైడ్ ప్యానెల్ మూసుకోవడం లేదు, నొక్కిపట్టి స్క్రూలు బిగించొచ్చా అని. పాత ఎస్‌ఎంపీఎస్‌తో (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) వచ్చిన పొట్టి కేబుళ్లు కొత్తదానికి పెట్టుకోవచ్చా అని. రెండూ వద్దు. కేబుళ్ల సంగతి ముందు చెబుతాను, ఆ తప్పు నేను చేశాను.

మాది పాలకొల్లు. చెల్లి చదువు కోసం ఇలాంటి చిన్న కేస్‌లోనే కంప్యూటర్ బిగించాను. డ్రైవ్‌కి కరెంటు ఇచ్చే సాటా పవర్ కేబుల్ మరీ పొడుగ్గా ఉందని, ఇంట్లో పడున్న వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ తీసి గుచ్చాను. చక్కగా పట్టింది. ఆన్ చేయగానే కాలిన వాసన. ఫైళ్లు దాచే డ్రైవ్, అదే ఎస్‌ఎస్‌డీ, పోయింది, దాంతోపాటు చెల్లి ప్రాజెక్టు ఫైళ్లూ పోయాయి. తను ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డ్రైవ్‌కి పెట్టే ప్లగ్ ఎక్కడైనా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం పిన్నుల వరుస ఏ కంపెనీది ఆ కంపెనీదే, ఒకే కంపెనీలోనూ మోడల్‌ని బట్టి మారొచ్చు. 5 వోల్టులు రావలసిన తీగలో 12 వచ్చేస్తే డ్రైవ్ తట్టుకోలేదు. ప్లగ్ పట్టినంత మాత్రాన సరైన కేబుల్ అనుకోకండి. పొట్టివి కావాలంటే మీ మోడల్‌కి సరిపోతాయని ఆ కంపెనీయే చెప్పినవి కొనండి.

ఇక ప్యానెల్. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. గ్రాఫిక్స్ కార్డు తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. 17 సెంటీమీటర్ల బోర్డు కదా, కూలర్ బిగించాక ప్రాసెసర్ పవర్ ప్లగ్ దగ్గరికి వేళ్లు వెళ్లవు. అందుకే అది మొదట, గ్రాఫిక్స్ కార్డు చివర. ప్రాసెసర్ ప్లగ్ 4+4గా విడిపోతుంది, గ్రాఫిక్స్ ప్లగ్ 6+2గా. చూడటానికి ఒకేలా ఉన్నా వాటి ప్లస్, మైనస్ తారుమారు. దూరకపోతే బలవంతం చేయకండి. ముందువైపు యూఎస్‌బీ కేబుల్ మొండిది, అడ్డంగా లాగితే బోర్డు మీది పిన్నులు వంగిపోతాయి.

మీ కార్డుకి 16 పిన్నుల ప్లగ్ ఉంటే ఇంకా జాగ్రత్త. ప్లగ్ దగ్గర కనీసం 35 మిల్లీమీటర్లు తీగ తిన్నగా ఉండాలి. మీరు ప్యానెల్ నొక్కితే ఆ ప్లగ్ పక్కకి ఒరుగుతుంది, పిన్ను పూర్తిగా కూర్చోకపోతే వేడెక్కి ప్లగ్ కరిగిపోవచ్చు. ప్రతి ప్లగ్ గొళ్లెం క్లిక్‌మని పడిందో లేదో చూసుకోండి. మన వైపు ఉప్పుగాలికి పాత కేబుళ్ల పిన్నులకి చిలుము పడుతుంది, అలాంటివి వాడొద్దు.

మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కేబుల్ కట్టని ఉండ చుట్టకుండా చదునుగా పరిచి, ఎస్‌ఎంపీఎస్ పక్క ఖాళీలోకి తోసి వెల్క్రోతో కట్టండి. రేకు అంచు కోసే చోట తీగ ఆనకూడదు. ఫ్యాన్లు వేలితో తిప్పి చూడండి.

కేస్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కూడా రాశారు. అది చాలాసార్లు కేబుల్ లోపం కాదండి, ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ లేకపోవడమే. అయినా తీగ ఎక్కడా నలగలేదని చూసుకుని, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ చూపించాకే వాడండి.

ప్యానెల్ ఒక వేలితో తోస్తే కూర్చోవాలి. అప్పటికీ కూర్చోకపోతే ఏ కట్ట అడ్డొస్తోందో ఫొటో పెట్టండి, ఎటు మళ్లించాలో చూద్దాం.