22 మైల్‌స్టోన్లు సరే, ఆకుల ఫొటోలేవి?

గుంటూరు జిల్లా నుంచి ఒక మిర్చి రైతు అడిగారు: "మావాడు బీటెక్ ఫైనలియర్. మిర్చి ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్ ప్రాజెక్టుగా తీసుకున్నాడు. 22 మైల్‌స్టోన్లు రాసుకుని, ఎక్కడ మొదలెట్టాలో తెలియక కూర్చున్నాడు. పీఎంపీ సర్టిఫికెట్ చేయించాలా, స్క్రమ్ మాస్టరా? లేక అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేద్దామా?"

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు, సర్టిఫికెట్ పేరే మారుతుంటుంది. మీ అసలు భయం వాడు ప్రాజెక్టు పూర్తిచేయలేడేమోనని. చేస్తాడు.

పీఎంపీ అనుభవమున్న ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే సర్టిఫికెట్, ఇప్పుడు కుదరదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నా, ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపించాలి. అనుభవం అడగని తొలిమెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం ఉంది, తొందరేం లేదు. సాఫ్ట్‌వేర్ టీము పనిని చిన్న చిన్న విడతలుగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్ మోజు మీద మాత్రం నాకు మొదటినుంచీ అనుమానమే. రెండు రోజుల క్లాసు విని వచ్చిన కుర్రాడికి, పదేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్ల టీమును ఎవరప్పగిస్తారు? ఉద్యోగంలో కుదురుకున్నాక చూసుకోవచ్చు.

ఇక కొనే మాట. నకిలీ విత్తనం అంటగడితే రోడ్డెక్కే మీరు, కొడుక్కి నకిలీ ప్రాజెక్టు కొనిపెడతారా? వైవాలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

వాడి జాబితాను నేనే నాలుగు పద్దులుగా సర్ది చూశాను. యాప్ కింద 15, రిపోర్టు కింద 4, పరీక్ష కింద 2, డేటా కింద ఒకే ఒక్కటి! లాగిన్ పేజీ రంగులకూ తేదీ ఉంది. ఆకుల ఫొటోలకు 'ఫిబ్రవరి' అని రాసి వదిలేశాడు. అన్నీ తేదీల వరసలో ఉంటే ఈ లోటు కంటపడదు. పైగా సగం మైల్‌స్టోన్లే కావు. 'యాప్ తయారీ' అంటే పని. 'పదిమంది రైతులు వాడి చూశారు' అంటే మైల్‌స్టోన్: అయిందా, కాలేదా, అంతే. అలా ఏరితే తొమ్మిదో పదో మిగులుతాయి, వాడి దడా తగ్గుతుంది.

డేటా పద్దు ముందుకు జరపాలి. కాలేజీ క్యాలెండర్ కోసం తోట ఆగదు, వేసవికి పీకేస్తారు. మొక్క ఏపుగా ఉన్నప్పుడే తామర పురుగు పైముడత, నల్లి కింది ముడత వేర్వేరుగా ఫొటోలు తీయాలి. ఏ ఫొటో ఏ ముడతో గుర్తుపట్టి రాయడం వాడి లెక్చరర్లకు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. ఈ ఆదివారం వాణ్ని చేలోకి తీసుకెళ్లండి.