ముందు వాళ్లను మాట్లాడనివ్వు

చి॥ శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ నాన్న తర్వాత ఛైర్మన్‌గా నువ్వే అని విని సంతోషించాను. రోజూ కంపెనీని నడిపే ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) బాధ్యత కూడా నువ్వే తీసుకుందామనుకుంటున్నావట. అది వద్దు. కంపెనీ సెక్రటరీగా ముప్ఫై ఏళ్లు బోర్డు మీటింగుల మినిట్స్ రాసినవాణ్ణి, చూసే చెబుతున్నాను.

క్యాడ్‌బరీ అంటే నీకు చాక్లెట్. నాకు అడ్రియన్ క్యాడ్‌బరీ గుర్తొస్తారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున పడవ పోటీలో తెడ్డు వేసిన మనిషి, పతకం ఒక్క మెట్టులో తప్పింది. 1965లో, 36 ఏళ్లకే, నీలాగే ఇంటి కంపెనీకి ఛైర్మన్ అయ్యారు. ష్వెప్స్ అనే కూల్‌డ్రింకుల కంపెనీతో కలిసిన కంపెనీకి 1975 నుంచి 1989 దాకా ఆయనే ఛైర్మన్.

వాళ్ల తాతగారి కథ ఒకటి ఆయనే రాశారు. దక్షిణాఫ్రికాలో యుద్ధం చేస్తున్న సైనికులకు పంపడానికి విక్టోరియా రాణి చాక్లెట్ ఆర్డరిచ్చింది. తాతగారికి ఆ యుద్ధమంటేనే గిట్టదు. కాదంటే పనివాళ్లకు పని పోతుంది. అసలు ఖర్చుకే చేసి ఇచ్చారు, పైసా లాభం తీసుకోలేదు. నాకు భలే నచ్చింది.

1990లో పోలీ పెక్ అనే పెద్ద బ్రిటిష్ కంపెనీ కూలాక, లండన్‌లో కంపెనీల లెక్కలను నమ్మేవాళ్లు తగ్గారు. కంపెనీలు నడిచే తీరు మీద 1991లో వేసిన కమిటీకి క్యాడ్‌బరీగారినే పెద్దగా పెట్టారు. పని సగంలో ఉండగానే పత్రికల యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ చనిపోవడం, ఆయన కంపెనీల పెన్షన్ సొమ్ము మాయమైనట్టు తేలడం జరిగాయి. ఆ కమిటీ 1992 డిసెంబర్ నివేదికలో ముఖ్యమైన మాట ఇదే: ఏ ఒక్కరి చేతిలోనూ అడ్డులేని అధికారం ఉండకూడదు. ఛైర్మన్, కంపెనీ నడిపేవాడు వేరువేరుగా ఉంటే మంచిది. ఈ ఆలోచనలే తర్వాత మన షేర్ మార్కెట్‌ను చూసే సెబీ నిబంధనల్లోకీ వచ్చాయి. రూల్ ఉంటే చాలదు లే. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటికొచ్చేనాటికి ఆ బోర్డులో పేరున్న ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే కంపెనీతో సంబంధం లేని బయటివాళ్లు, లేకపోలేదు.

నేను పనిచేసిన ఒకచోట ఛైర్మనే ఎండీ. ఆయన చదివేవాడు, "ఓకేనా?" అనేవాడు, కాఫీ వచ్చేది. ఇరవై నిమిషాల్లో మీటింగ్ ఖతం. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసింది నేనే. బ్యాంకు నోటీసు వచ్చాకగానీ అప్పు ఎంతుందో సగం మంది డైరెక్టర్లకు తెలియలేదు. నేనూ అడగలేదు.

అందుకే ప్రతి అంశం మీదా నీ అభిప్రాయం చివర్లో చెప్పు. ముందే చెబితే మీ బాబాయి కూడా తలూపుతాడు. కాగితాలు వారం ముందే అందరికీ పంపు. ఆడిటర్‌తో ఎండీ లేకుండా ఏడాదికోసారైనా కూర్చో, టెన్షన్ పడకు, అందులో తప్పేమీ లేదు.

కానుకల విషయంలో క్యాడ్‌బరీగారు రెండు ప్రశ్నలు పెట్టుకునేవారు. ఆ ఖర్చు బిల్లు మీద ఉన్నదున్నట్టు కనబడుతుందా? పుచ్చుకున్నవాడి సంగతి కంపెనీ పత్రికలో వేస్తే అతనికి సిగ్గా? దీపావళికి ముందు మీ సేల్స్‌వాళ్లను ఈ రెండూ అడుగు.

మొదటి మీటింగ్ ఎజెండా తయారయ్యాక నాకొకటి పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న