మౌత్ ఆర్గాన్ అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయిపోయింది. సీఎస్‌ఈ ఏఐలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాను. వాడేమో డిగ్రీ చాలు, మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) నేర్చుకుంటానంటున్నాడు. కోపమొచ్చి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, విజయవాడ

పోల్చే ముందు మీ అసలు టెన్షన్ సంగతి చూద్దాం. వీడు రేపు రోడ్డున పడతాడేమోననే కదా! ఏటా ఈ రోజుల్లో ఇదే అడుగుతారు, వాయిద్యం పేరు మారుతుందంతే.

డీఫోర్డ్ బెయిలీ గురించి మీవాణ్నే అడగండి, చెబుతాడు. 1899లో అమెరికాలోని టెనెస్సీలో పుట్టిన నల్లజాతి కళాకారుడు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి మంచాన పడి, ఆ మంచం మీదే మౌత్ ఆర్గాన్ పట్టాడు. పది రంధ్రాల ఆ చిన్న వాయిద్యంలో రైలు చక్రాల చప్పుడు, కూత, వేటకుక్కల అరుపులు అన్నీ పలికించేవాడు. ఊదడం ఎవరైనా ఊదుతారు, గాలి లోపలికి పీలుస్తూ స్వరాన్ని వంచడంలో ఉంటుంది బ్లూస్ పనితనం, దానికి ఏళ్లు పడుతుంది. నాష్‌విల్ రేడియోలో వచ్చే కంట్రీ సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలి తారల్లో అతనొకడు, కానీ ఊళ్లు తిరిగితే తెల్లవాళ్ల హోటళ్లలో గది ఇచ్చేవారు కాదు. 1941లో పాటల హక్కుల సంఘం ఆస్కాప్‌కీ రేడియో స్టేషన్లకీ గొడవొచ్చి అతనికి పేరు తెచ్చిన ట్యూన్లు ప్రసారానికి పనికిరాకుండా పోయాయి, ఉద్యోగమూ ఊడింది. అయినా బూట్ పాలిష్ దుకాణం నడుపుకుని సంసారం ఈదుకొచ్చాడు. 1982లో పోయాడు, 2005లో గానీ కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వలేదు.

చూశారా, చివరికి బూట్లు తుడిచాడు అంటారేమో. అతని బతుకు మీద దెబ్బకొట్టింది వర్ణవివక్ష, పరాయి చేతుల్లో ఉన్న హక్కులు. వాయిద్యాన్ని ఎందుకు తిడతారు?

ఇక మీ ఏఐ సీటు. ఆ బ్రాంచి మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. పాఠం చెప్పేదెవరు, ల్యాబ్‌లో ఏముంది, మామూలు సీఎస్‌ఈకి దీనికి సిలబస్‌లో తేడా ఎంత, ఇవేవీ అడక్కుండా పేరులో ఏఐ ఉందని లక్షలు పోస్తున్నారు. మీరు అడిగారా? పదిహేడేళ్ల కుర్రాడి వస్తువు బీరువాలో పెట్టి తాళం వేయడం పెంపకం కాదండీ, ముందు అది తీసివ్వండి.

భయపడకండి, వాడు చదువు మానేస్తానని అనలేదుగా. బీకామ్ కంప్యూటర్సో, బీఎస్సీనో చేరనివ్వండి, సాయంత్రాలు సాధనకి మిగులుతాయి. సొంత ట్యూన్లు కట్టడం మొదలెడితే మాత్రం మన దగ్గర పాటల హక్కులు చూసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం సంగతి కనుక్కోమనండి, ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పండి.